భిలాయిలో తండ్రి పన్ను, బిడ్డ ఉపకార వేతనం

ఆదాయమంటే ఏమిటన్న ప్రశ్నకు రాజధానిలో ఒక్కొక్క మంత్రిత్వశాఖ ఒక్కొక్క జవాబు చెబుతుంది. ఆదాయపు పన్ను శాఖకు అది తగ్గింపులన్నీ పోగా మిగిలిన మొత్తం. ఉపకార వేతనమిచ్చే శాఖకు అది తహశీల్దారు సంతకం చేసిన కాగితం మీది అంకె. వెనుకబడిన తరగతులలో సంపన్నశ్రేణిని వేరుచేసే ఉత్తర్వు జీతాన్ని, సాగుభూమి రాబడిని లెక్కలో కలపరాదంటుంది. ఆర్థికంగా బలహీన వర్గాల కోసం 2019లో వచ్చిన ఉత్తర్వు ఆ రెండింటినీ తప్పక కలపాలంటుంది. మనిషి ఒక్కడే, జీతపు చీటీ ఒక్కటే. ఢిల్లీలో ఆ చీటీ ఏ కిటికీ ముందుకు వెళితే ఆ కిటికీ దానికి కొత్త అర్థం చెబుతున్నది. చదువుకుంటున్న పిల్లవాడి భవిష్యత్తు ఈ అర్థాల నడుమ చిక్కుకొని వున్నది.

బడ్జెటు వచ్చిన ప్రతిసారీ పన్ను శ్లాబుల మీద జరిగే చర్చలో పదో వంతయినా ఈ విషయం మీద జరగదు. పార్లమెంటులో ఆర్థికమంత్రిని అడిగితే ఉపకార వేతనాలు తమ శాఖవి కావంటారు. సామాజిక న్యాయశాఖను అడిగితే పన్నులు తమ పరిధి కాదంటారు. రెండు జవాబులూ సత్యమే. ఆ రెండు సత్యాల మధ్య వున్న కుటుంబం ఎలా వుంటుందో చూడడానికి భిలాయి కంటె మంచి వూరు లేదు.

భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆనాటి నుంచి విజయనగరం–రాయపూర్ రైలుమార్గం పట్టుకొని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తెలుగువారు అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు. తాతలు కొలిమి దగ్గర నిలబడ్డారు. తండ్రులు క్రేను నడిపారు. మనవలు ఇంజనీరింగు పుస్తకాలు పట్టుకున్నారు. సెక్టర్ 5 బాలాజీ మందిరంలో తెలుగు వినిపిస్తుంది, బజారులో హిందీ, ఛత్తీస్‌గఢీ. కర్మాగారం తన కార్మికుల బిడ్డలకు స్వయంగా బడులు పెట్టి నడిపింది. ఐఐటీ ప్రవేశ పరీక్షలలో భిలాయి పిల్లలకు వచ్చిన పేరు ఆ బడుల పుణ్యమే. 2016లో ఐఐటీయే ఆ వూరి పేరుతో వెలిసింది. కాని కర్మాగారం నడిపే బడులు క్రమంగా తగ్గిపోయాయి. పర్మినెంటు కార్మికుల సంఖ్య తరిగి, అక్కడివారు ‘ఠేకా’ అని పిలిచే కాంట్రాక్టు కార్మికుల సంఖ్య పెరిగింది. ఒకప్పుడు జీతంతోపాటు ఇంటికి చేరిన చదువును ఇప్పుడు బయట కొనుక్కోవలసి వస్తున్నది. పన్ను రాయితీ, ఉపకార వేతనం అన్న రెండు మాటలకు విలువ వచ్చింది ఇక్కడే.

ఇద్దరు అన్నదమ్ములను ఊహించుకుందాం. అన్న కర్మాగారంలో పర్మినెంటు ఉద్యోగి, ఏడాదికి పదకొండు లక్షల జీతం. తమ్ముడు అదే గేటులోంచి లోపలికి వెళ్ళే ఠేకా కార్మికుడు, రోజుకు 800 రూపాయల కూలి. ఇద్దరికీ చెరొక కూతురు, ఇద్దరమ్మాయిలూ కాలేజీలో చేరే వయసువారే.

ముందు అన్న సంగతి. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80సి సెక్షను ప్రకారం ఇద్దరు పిల్లల వరకు, మనదేశంలోని విద్యాసంస్థకు పూర్తికాలపు చదువు నిమిత్తం చెల్లించిన ట్యూషను ఫీజును ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చును. వినడానికి ఘనంగానే వున్నది. అయితే అభివృద్ధి రుసుము, విరాళం లెక్కలోకి రావు. కాలేజీలు రసీదులలో వేటికి ఏ పేర్లు పెడుతున్నాయో తల్లిదండ్రులకు తెలియనిది కాదు. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి వున్నది. ఈ సెక్షనుకు మొత్తం పరిమితి లక్షన్నర రూపాయలు. భవిష్యనిధి చందా, జీవితబీమా ప్రీమియం, ఇంటిరుణం అసలు, అన్నీ అదే లక్షన్నరలో ఇరుక్కోవాలి. అన్నకు మూలవేతనం, కరువుభత్యం కలిపి నెలకు 75,000 రూపాయలనుకుంటే, పన్నెండు శాతం చొప్పున భవిష్యనిధికే ఏడాదికి 1,08,000 రూపాయలు పోతుంది. మిగిలేది 42,000. ఒక బీమా పాలసీ వుంటే అదీ నిండిపోతుంది. కూతురు ఫీజు లక్ష అయినా, రెండు లక్షలయినా చట్టం దాన్ని చూడనే చూడదు. క్రమంగా జీతం తీసుకునే కార్మికునికి విద్యా రాయితీ అన్నది చట్టంలో వున్నది, చేతికి రాలేదు.

ఇప్పుడు ఆ చర్చ కూడా చాలావరకు కాలం చెల్లింది. 2020లో తెచ్చి, 2023–24 నుంచి సహజ పద్ధతిగా చేసిన కొత్త పన్ను విధానంలో ట్యూషను ఫీజు తగ్గింపు లేదు, విద్యారుణం వడ్డీ తగ్గింపు లేదు. 2025–26 రేట్ల ప్రకారం అన్న కొత్త విధానంలో పైసా పన్ను కట్టనక్కరలేదు. పాత విధానంలోనే వుండి లక్షన్నర పూర్తిగా తగ్గించుకున్నా 96,200 రూపాయలు కట్టాలి. ఏ దారి పట్టాలో చెప్పడానికి చార్టర్డ్ అకౌంటెంటు అవసరం లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు నిర్దేశించిన 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి గాని ఈ ఏర్పాటు సారం మారలేదు.

పన్నే లేనప్పుడు విచారమెందుకని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అన్న పొరుగింట్లో అంతే జీతంతో పిల్లలులేని ఉద్యోగి వున్నాడనుకోండి. ఆయనకూ పన్ను లేదు, అన్నకూ పన్ను లేదు. ఆడపిల్లను కాలేజీకి పంపడానికి అన్న పెట్టే లక్ష రూపాయల ఖర్చు ప్రభుత్వం దృష్టిలో వంటింటి ఖర్చుతో సమానమై కూర్చున్నది. పన్ను విధానాన్ని సరళం చేసే హక్కు ప్రభుత్వానికి వున్నది. ఆ సరళీకరణను ఈ లేఖకుడు ఆక్షేపించడం లేదు. కాని పన్ను చట్టంలోంచి విద్యను బయటికి పంపినవారు, దానికి ఉపకార వేతనాల పద్దులో చోటు చూపవలసి వున్నది. అది జరగలేదు. కాలేజీ విద్యార్థులకు ప్రతిభ ఆధారంగా ఇచ్చే కేంద్ర పథకానికి తల్లిదండ్రుల ఆదాయ పరిమితి నాలుగున్నర లక్షలు. 2024 నవంబరులో మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి వడ్డీ రాయితీకి ఎనిమిది లక్షలు. పదకొండు లక్షల అన్నకు రెండు తలుపులూ మూతబడ్డాయి. ఒక చేత్తో తగ్గింపు తీసుకున్నారు, రెండో చేయి చాచలేదు.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తుచేయాలి, ఎందుకంటే ఢిల్లీలో దాన్ని ఎవరూ తలవడం లేదు. 1990 ఆర్థిక చట్టం పొదుపులకు ఆదాయంలో తగ్గింపును రద్దుచేసి, దాని స్థానంలో 88వ సెక్షను కింద పన్నులోనే రిబేటు పెట్టింది. 2003లో ట్యూషను ఫీజును, బిడ్డకు 12,000 రూపాయల వరకు, అందులో చేర్చారు. ఆ రిబేటు తక్కువ ఆదాయం వారికి ఎక్కువ శాతం, మధ్యస్థులకు తక్కువ శాతం, అయిదు లక్షలు దాటినవారికి శూన్యం. 2005లో దాన్ని ఎత్తివేసి మళ్ళీ ఆదాయంలో తగ్గింపుగా మార్చారు. మార్పు ఫలితమేమిటంటే ఒకే వెయ్యి రూపాయల ఫీజుకు పై శ్లాబు అధికారికి మూడువందలు మిగిలితే, కింది శ్లాబు గుమాస్తాకు వంద మిగిలింది. బీదవానికి ఎక్కువ, కలవానికి తక్కువ అన్న సూత్రం ట్యూషను ఫీజు విషయంలో మనదేశంలో రెండే రెండేళ్ళు బతికింది. దాన్ని చంపినందుకు ఆనాడు పెద్దగా ఎవరూ కంటతడి పెట్టినట్టు లేదు.

ఇక తమ్ముడి ఇంటికి వెళదాం. రోజుకు 800, నెలకు 26 రోజులు, ఏడాదికి 2,49,600 రూపాయలు. షెడ్యూల్డు కులాల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనానికి ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు. వెనుకబడిన తరగతులకూ అంతే. తమ్ముడి కూతురు గీతకు నాలుగు వందల రూపాయలు ఇవతల వున్నది. కూలి రోజుకు రెండు రూపాయలు పెరిగి 802 అయితే ఏడాది ఆదాయం 2,50,224. అమ్మాయి ఫీజు, నిర్వహణ భత్యం మొత్తంగా పోతాయి. తండ్రికి ఏడాదికి 624 రూపాయలు పెరిగినందుకు కూతురు వేల రూపాయలు కోల్పోతుంది. కనీస వేతనం పెంచమని కార్మిక సంఘం జెండా పట్టుకున్న రోజున తన కూతురి చదువు మీద తానే రాయి వేసుకుంటున్నానా అని ఆ తండ్రి ఆలోచించవలసిన దుస్థితి ఇది. షెడ్యూల్డు కులాల పథకానికి ఈ పరిమితిని 2013–14లో పెట్టారు; ఆ తరువాత పదేళ్ళకు పైగా అది కదలలేదు. ధరలు మాత్రం కదిలాయి.

పన్ను చట్టంలో ఇలాంటి కొండచరియ వుంటే పార్లమెంటు దద్దరిల్లేది. నిజానికి వున్నది కూడా. 2025లో పన్నెండు లక్షల వరకు పన్ను లేదన్నప్పుడు, పన్నెండు లక్షల పదివేలు వచ్చినవాని గతేమిటన్న ప్రశ్న లేచింది. పెరిగిన ఆదాయాన్ని మించి పన్ను పడకుండా ఆ చట్టంలోనే సర్దుబాటు వున్నది. పన్నెండు లక్షల వారికి దొరికిన ఆ సర్దుబాటు రెండున్నర లక్షల వారికి దొరకలేదు. ఆదాయం పరిమితి దాటినకొద్దీ వేతనం అంచెలంచెలుగా తగ్గాలి తప్ప ఒక్కసారిగా తెగిపోరాదన్న ఆలోచన ఉపకార వేతనాల శాఖకు ఇప్పటికీ కొత్తే.

ఇంకొక విచిత్రం. పోస్ట్ మెట్రిక్ నిబంధనలలో ఆదాయపు పన్ను చట్టం పేరు వినిపించే చోటు ఒకటి వున్నది: తల్లిదండ్రులకు వచ్చే ఇంటి అద్దె భత్యానికి పన్ను మినహాయింపు వుంటే, దాన్ని ఆదాయంలో కలపనక్కరలేదు. మంచిదే. కాని రోజు కూలికి ఇంటి అద్దె భత్యమెక్కడిది? భవిష్యనిధి కోత, వైద్యం ఖర్చు, మరో బిడ్డ ఫీజు, వేటికీ అలాంటి మినహాయింపు లేదు. రెండు చట్టాలు చేతులు కలిపిన ఆ ఒక్క చోట కూడా నెలజీతగానికే మేలు జరిగింది.

ఉపకార వేతనం విద్యార్థి చేతికి చేరిన తరువాత చట్టం దయగానే వున్నది. చదువు ఖర్చు నిమిత్తం ఇచ్చిన ఉపకార వేతనానికి 10(16) సెక్షను కింద పన్ను లేదు. పాత విధానమైనా, కొత్త విధానమైనా అంతే. చదువు ఖర్చంటే ఫీజు మాత్రమే కాదనీ, విద్యార్జనకు అనుబంధమైన ఇతర ఖర్చులు కూడా అందులోకే వస్తాయనీ కర్ణాటక హైకోర్టు తీర్పు ఒకటి 1981 నివేదికలలో వున్నది. యజమాని సంస్థ తన ఇష్టం మేరకు, ఉద్యోగ షరతులతో సంబంధం లేకుండా ఉద్యోగి బిడ్డకు ఇచ్చిన ఉపకార వేతనం తండ్రి జీతంలో భాగం కాదని బొంబాయి హైకోర్టు చెప్పినది 1986 నివేదికలలో వున్నది. భిలాయి వంటి కర్మాగార పట్టణాలలో ఈ రెండో తీర్పు తెలిసివుండడం మంచిది. యజమాని ఇచ్చే సొమ్ముకు భత్యమని పేరు పెడితే తండ్రికి పన్ను పడుతుంది; ప్రతిభకు బహుమతిగా బిడ్డకే ఇస్తే పడదు. పిల్లల చదువు భత్యంలో చట్టం వదిలిపెట్టినదెంత? 1962 నిబంధనల కింద నెలకు వంద రూపాయలు, హాస్టలుకు మూడువందలు. రెండు దశాబ్దాలకు పైగా ఆ వంద వందగానే నిలబడింది. నోటు పుస్తకాలకు చాలుతుందో లేదో నిబంధన రాసినవారికే తెలియాలి.

తండ్రీ బిడ్డా కూర్చొని లెక్క కలుపుకోవలసిన స్థలాలు అందుచేత కొన్నే వున్నాయి. మొదటిది ఫీజు ఎవరి ఖాతానుంచి వెళుతున్నదన్నది. తన సొంత చదువుకు ఫీజు కట్టుకున్న విద్యార్థికి 80సి వర్తించదు. బిడ్డ కోసం తండ్రిగాని తల్లిగాని కడితేనే వర్తిస్తుంది. ఉపకార వేతనం నేరుగా కాలేజీకి జమ అయితే ఆ మేరకు తండ్రి కట్టినట్టు కాదు. శాస్త్ర విద్యార్థులకిచ్చే ఇన్‌స్పైర్ వేతనం లాగా విద్యార్థి ఖాతాలోకి వచ్చి, ఫీజు తండ్రి జీతంలోంచి వెళితే, చట్టపు అక్షరం తండ్రి తగ్గింపును నిరాకరించడం లేదు. ఆ ఇన్‌స్పైర్ వేతనానికి తల్లిదండ్రుల ఆదాయ పరిమితి లేదు. ఏడాదికి 80,000 రూపాయల వరకు, అందులో 60,000 నగదు. అది వుండవలసినదే, శాస్త్ర విద్యకు మేలైనదే. కాని జనరల్ మేనేజరు కూతురికి పన్నులేకుండా దొరికే ఆ సొమ్మునూ, రోజుకు రెండు రూపాయలు పెరిగినందుకు ఠేకా కార్మికుని కూతురు పోగొట్టుకున్న సొమ్మునూ పక్కపక్కన పెట్టి చూసే అధికారి ఢిల్లీలో ఎక్కడున్నాడు?

రెండోది విద్యారుణం. 80ఇ సెక్షను మొదట చదువుకున్నవానికే, తన రుణం తాను తీర్చుకున్నందుకు, వర్తించేది. 2007 ఆర్థిక చట్టం భార్యాభర్తల, పిల్లల చదువుకు తీసుకున్న రుణానికీ దాన్ని విస్తరింపజేసింది. వడ్డీకి మొత్తం పరిమితి లేదు. ఎనిమిదేళ్ళ గడువు వున్నది. చట్టం అడిగే ప్రశ్నలు రెండే: రుణం ఎవరు తీసుకున్నారు, పన్ను పడే ఆదాయంలోంచి ఎవరు కట్టారు. రుణపత్రం కొడుకు ఒక్కడి పేర వుండి వడ్డీ తండ్రి కడితే ఇద్దరికీ దక్కదు. బ్యాంకులో సంతకం పెట్టే రోజున ఈ మాట చెప్పేవారుండరు. అసలు ఆ తగ్గింపు పాత విధానంలోనే బతికివుంది గనుక, కొత్తగా ఉద్యోగంలో చేరి పన్నెండు లక్షల లోపు సంపాదించే యువకునికి అది పెట్టెలో దాచిన పాత నాణెం వంటిది.

ఉపకార వేతనాల మధ్య కూడా ఎంపిక తప్పదు. పోస్ట్ మెట్రిక్ తీసుకునే విద్యార్థి మరో ఉపకార వేతనం పొందరాదు. రెండూ వస్తే ఒకటి వదులుకోవాలి. ఏది వదలాలో తేల్చుకోవడానికి ఆ పిల్ల దగ్గర లెక్క వుండదు. మొదట డబ్బు ఏది పడితే అదే మిగులుతుంది.

అమెరికాలోని మనవారు ఈ తికమకను మరో రూపంలో ఎరుగుదురు. అక్కడ 2009 నుంచి వున్న విద్యా పన్ను క్రెడిట్ విద్యార్థికి ఏడాదికి 2,500 డాలర్ల వరకు ఇస్తుంది. పన్ను లేకపోయినా అందులో నలభై శాతం, వెయ్యి డాలర్ల వరకు, తిరిగి చేతికే వస్తుంది. బిడ్డ తండ్రి మీద ఆధారపడినవాడైతే క్రెడిట్ తండ్రికి. ఉపకార వేతనాన్ని ఫీజుకు వాడినట్టు చూపితే దానికి పన్ను లేదు గాని, క్రెడిట్‌కు ఖర్చు మిగలదు. కొంత భాగాన్ని భోజన, వసతులకు వాడినట్టు చూపి బిడ్డ ఆదాయంలో కలిపితే, తండ్రికి క్రెడిట్ దక్కి కుటుంబం మొత్తానికి లాభం రావచ్చును. చిక్కుముడి అక్కడా వున్నది. అయితే ఆ ముడిని విప్పుకునే హక్కును అక్కడి చట్టం కుటుంబానికే ఇచ్చింది. పన్ను కట్టని పేదవానికి కూడా కొంత చేతికిచ్చింది. మన 80సి పన్ను కట్టనివానికి ఏనాడూ ఏమీ ఇవ్వలేదు.

భిలాయి తెలుగువారి విషయంలో మరో పొర వున్నది, దాన్ని వదిలి ముందుకు పోవడం సాధ్యం కాదు. పోస్ట్ మెట్రిక్ వేతనాన్ని విద్యార్థి ఏ రాష్ట్రానికి చెందినవాడో ఆ రాష్ట్రమే చెల్లించాలి. భిలాయిలో పుట్టి, అక్కడే చదివిన మూడో తరం తెలుగు పిల్ల ఏ రాష్ట్రానికి చెందినది? ఛత్తీస్‌గఢ్‌లో కుల ధ్రువపత్రం కావాలంటే షెడ్యూల్డు కులాలకు 1950 ఆగస్టు 10 నాటికి, షెడ్యూల్డు తెగలకు 1950 సెప్టెంబరు 6 నాటికి, వెనుకబడిన తరగతులకు 1984 డిసెంబరు 26 నాటికి కుటుంబం ఆ ప్రాంతంలో నివసిస్తున్నట్టు ఆధారం చూపాలి. వీటిలో మొదటి రెండూ రాష్ట్రపతి ఉత్తర్వుల తేదీలు. కర్మాగారం ఒప్పందమే 1955లో జరిగింది. ఉక్కుపట్టణం పుట్టకముందు అందులో నివసించినట్టు కాగితం తెమ్మనడం ఇది!

1990 మే నెలలో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులో ఇచ్చిన తీర్పు ఈ వాదానికి పునాది. తెనాలి నుంచి వెళ్ళిన కుటుంబం అది. తండ్రి కేంద్ర ప్రభుత్వరంగ ఎరువుల సంస్థలో షెడ్యూల్డు తెగల కోటాలో ఉద్యోగి. కొడుకుకు బొంబాయి వైద్య కళాశాలలో ఆ హోదా దక్కలేదు. ఒక రాష్ట్రపు జాబితా ఆ రాష్ట్రానికే పరిమితమని న్యాయస్థానం తేల్చింది. రాజ్యాంగపు అక్షరం దృష్ట్యా దాన్ని తప్పుపట్టడం సులభం కాదు. ఛత్తీస్‌గఢ్ ఆదివాసుల, దళితుల వాటాను వచ్చినవారు పంచుకోరాదన్న భయం కూడా అర్థరహితం కాదు. అయితే కోటా సీటు వేరు, ఉపకార వేతనం వేరు. సీట్లు లెక్కకు వున్నవి. ఒకరికి వస్తే మరొకరికి పోతుంది. వేతనం అలా కాదు, అందులో అధికభాగం కేంద్రం ఇస్తున్నదే; 2020 చివరలో ఆమోదించిన ఏర్పాటు ప్రకారం కేంద్రానికి అరవై, రాష్ట్రానికి నలభై. వలస కుటుంబాల బిడ్డలకు నూటికి నూరూ కేంద్రమే భరిస్తే ఏ రాష్ట్రపు వాటా తరగదు. తండ్రిని తన కోటాలో తన కర్మాగారంలో పెట్టుకున్న కేంద్రం, ఆయన బిడ్డను మాత్రం తాత వూరి తహశీల్దారు దగ్గరికి పంపడంలో ఔచిత్యం కనిపించదు.

ప్రభుత్వరంగ ఉద్యోగుల పట్ల ఢిల్లీ నిర్లక్ష్యానికి ఇది తొలి ఉదాహరణ కాదు. వెనుకబడిన తరగతుల సంపన్నశ్రేణిపై 1993 సెప్టెంబరు 8న ఉత్తర్వు వచ్చినప్పుడు, ప్రభుత్వరంగ సంస్థల పదవులు ప్రభుత్వ పదవులలో వేటికి సమానమో తరువాత నిర్ణయిస్తామన్నారు. ఆ ‘తరువాత’ కేంద్ర సంస్థలకు 2017లో వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు. 1993లో పుట్టిన పిల్లవాడు ఆపాటికి చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు.

చేయదగిన పని కష్టమైనదేమీ కాదు. ఉపకార వేతనాల జాతీయ పోర్టల్ 2015 నుంచి వున్నది. సొమ్ము విద్యార్థి ఖాతాకే చేరుతున్నది. పన్ను శాఖ దగ్గర జీతగాళ్ళ వివరాలున్నాయి. 88వ సెక్షను నాటి రిబేటును విద్యకు మాత్రమే, రెండు విధానాలలోనూ వర్తించేటట్టు తిరిగి తేవచ్చు. పన్ను లేనివారికి అదే మొత్తాన్ని బిడ్డ ఖాతాలో వేయవచ్చు. అప్పుడు అన్నకూ, తమ్ముడికీ ఒకే చట్టం వర్తిస్తుంది, తమ్ముడికి కొంచెం ఎక్కువగా. దానికి ఆర్థిక బిల్లులో ఒక క్లాజు చాలు. ఖర్చుకు వెనుకాడేవారు, కొత్త విధానం వల్ల ఎన్ని విద్యా తగ్గింపులు మిగిలిపోయాయో ముందు సభకు లెక్క చెప్పాలి.

ఉభయ తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులలో ఒకరయినా వచ్చే సమావేశాలలో ఈ ప్రశ్న వేస్తే బాగుంటుంది: ఒక విద్యార్థి తండ్రి ఆదాయమెంతో నిర్ణయించడానికి కేంద్రంలో ఎన్ని నిర్వచనాలు అమలులో వున్నాయి? ప్రశ్నను ఏ మంత్రి పేర రాయాలన్నది లోక్‌సభ సచివాలయం తేల్చుకోవలసి వుంటుంది.